కట్ట లేని చెరువు

చెరువు అనగానే మనవాళ్ల కళ్లముందు నీళ్లకన్నా ముందు కట్ట కదులుతుంది. కట్టమీద చింతచెట్లు, కట్ట కింద పచ్చగా పొలాలు, ఒక చివర కట్టమైసమ్మ గుడి, మధ్యలో తూము, ఆ చివర మత్తడి. వానాకాలం గట్టిగా పడితే ఊళ్లో మొదట వచ్చే ప్రశ్న "మత్తడి దుంకుతోందా?" అనే. నేను వరంగల్ వైపు పుట్టినదాన్ని. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు వింటూ పెరిగాను. నీళ్లు వాటంతటవే నిలవవని, ఎవరో నిలబెడితేనే నిలుస్తాయని మా వైపు పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కట్ట మీద నడిచిన ప్రతి కాలికీ ఆ సంగతి తెలుసు.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. ఆ చెరువు తవ్వడానికి 1,000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లపాటు పనిచేశారని అది చెబుతుంది. అంతటితో ఆగదు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలేమిటో, ఉండకూడని 6 దోషాలేమిటో కూడా రాయిమీద చెక్కించి పెట్టింది. చెరువు కట్టించినవాడికి, మరమ్మతు చేయించినవాడికి దాని కింది భూమిలో కొంత దశబంధంగా ఇచ్చే ఆచారం మన శాసనాల నిండా కనిపిస్తుంది. ఏ రోజున తూము తెరవాలో, ఎవరి మడికి ఎంత పారించాలో చూసుకునే నీరటి ఉండేవాడు. మన చెరువు వెనక ఇంత పని ఉంది, ఇన్ని చేతులున్నాయి. నీటిని కాపాడటమంటే మనకు కట్టడం, పూడిక తీయడం, గండి పూడ్చడం.

ఆ నమ్మకంతోనే నేను అమెరికాలోని మిన్నెసోటాకు వచ్చాను. ఇక్కడ పదివేల సరస్సులున్నాయని కార్ల నంబరు పలకల మీదే రాసి ఉంటుంది. మేముండే మినియాపొలిస్ ఊరి మధ్యలోనే సరస్సులు, వాటి చుట్టూ నడక దారులు, బెంచీలు, పడవల రేవులు. చూడముచ్చటగా ఉంటాయి. అయితే నేను చెప్పాలనుకుంటున్నవి ఇవి కావు. ఇక్కడినుంచి ఉత్తరంగా నాలుగు గంటలకు పైగా కారులో వెళ్తే ఈలీ అనే చిన్న ఊరు వస్తుంది. అది దాటాక, కెనడా సరిహద్దును ఒరుసుకుంటూ, దాదాపు 11 లక్షల ఎకరాల అడవి. అందులో 1,100కు పైగా సరస్సులు. పేరు బౌండరీ వాటర్స్. సుపీరియర్ జాతీయ అరణ్యంలో భాగం.

ఈ సరస్సుల్లో చాలావాటికి కట్ట కనిపించదు. ఇక్కడి రాళ్లలో కొన్ని సుమారు 270 కోట్ల ఏళ్ల నాటివి, భూమ్మీద అతి పాతవాటిలో చేరేవి. వాటిని మంచుపలకలు గీరి, దొలిచి, పదివేల ఏళ్లకు ముందు వెనక్కి తగ్గాయి. దొలిచిన చోటల్లా నీళ్లు నిలిచాయి. మట్టి చాలా పలచన. దేవదారు జాతి చెట్లు రాతి పగుళ్లలోకి వేళ్లు పంపి నిలబడ్డాయి. మొదటిసారి ఆ నీటి ఒడ్డున నిలబడినప్పుడు నా కళ్లు తెలియకుండానే తూము కోసం వెతికాయి. ఇన్ని నీళ్లు ఉంటే వీటిని చూసుకునే మనిషి ఎక్కడో ఉండాలి కదా అనిపించింది. ఆ మనిషి ఎవరో అర్థం కావడానికి నాకు కొన్ని వేసవులు పట్టింది.

అక్కడ విడిది చేయడం ఎలా ఉంటుందో చెబితేగాని ఆ సంగతి తెలియదు. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, రాత్రి అక్కడ ఉండాలనుకునే ప్రతి బృందమూ ముందుగా అనుమతిపత్రం తీసుకోవాలి. ప్రతి ప్రవేశ ద్వారానికీ రోజుకు ఇన్ని బృందాలే అని లెక్క ఉంది. బృందంలో 9 మందికి, 4 పడవలకు మించకూడదు. అనుమతిపత్రం ఇచ్చేముందు చేయాల్సినవీ చేయకూడనివీ చూపిస్తారు, అర్థమయ్యాయో లేదో అడుగుతారు. తర్వాత రోడ్డు ఆగిపోతుంది. తెడ్డు చేతికొస్తుంది.

పడవంటే కనూ. సన్నగా, తేలిగ్గా ఉంటుంది. ఒక సరస్సు దాటాక మరో సరస్సుకు మధ్యలో నేల అడ్డం వస్తుంది. అక్కడ సామాను వీపున వేసుకుని, కనూను బోర్లించి భుజాల మీద మోసుకుంటూ అవతలి నీటిదాకా నడవాలి. దాన్ని పోర్టేజ్ అంటారు. ఆ దారుల పొడవును మైళ్లలో చెప్పరు, రాడ్‌లలో చెబుతారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, దాదాపు ఒక కనూ పొడవు. రాళ్లు, బురద, వేళ్లు, జూన్‌లో అయితే దోమలు, నల్ల ఈగలు. పడవ మోసేవాళ్లకు ఎదురుగా వచ్చేవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. మోసే బరువెంతో తెలిసినవాళ్లు కాబట్టి ఎవరూ చెప్పకుండానే ఇస్తారు. మోయగలిగినంతే తెచ్చుకోవాలి అన్న నియమాన్ని అక్కడ ఎవరూ కాగితంమీద రాయలేదు. భుజమే ఆ నియమం చెబుతుంది.

రాత్రి ఎక్కడపడితే అక్కడ ఆగకూడదు. ఈ అడవి మొత్తంలో విడిదికి కేటాయించిన చోట్లు దాదాపు 2,000. ఒక్కో చోట ఉండేవి రెండే వస్తువులు. నేలలో బిగించిన ఇనుప పొయ్యి చట్రం ఒకటి. కాస్త లోపలికి, చెట్ల మధ్యలో, గుంటమీద అమర్చిన మరుగుదొడ్డి పీఠం మరొకటి. దానికి గోడల్లేవు, తలుపు లేదు, కప్పు లేదు. ఇంకేమీ లేవు. కుళాయి లేదు, దీపం లేదు, బల్ల లేదు, చెత్తకుండీ లేదు.

మా అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు చుట్టూ చూసి, "అమ్మా, ఇక్కడ ఒక్క బెంచీ అయినా ఎందుకు వేయలేదు?" అని అడిగింది. డబ్బులేక వేయలేదని చెప్పలేను, ఈ దేశంలో బెంచీకి కొరతేముంది. ఆలోచించి చెప్పాను. "బెంచీ వేస్తే దానిమీద కూర్చోవడానికి ఇంకొంతమంది వస్తారమ్మా. వాళ్ల కోసం ఇంకో బెంచీ వేయాలి. తర్వాత నీడకు షెడ్డు, షెడ్డుకు దీపం, దీపానికి తీగ, తీగకు దారి." అది కాసేపు ఊరుకుని, నున్నటి రాయి ఒకటి చూసుకుని కూర్చుంది. ఆ రాయి మంచుపలక నునుపు చేసిన రాయి. ఏ వడ్రంగీ అంత బాగా చేయలేడు.

ఆ పూట నేను పిల్లకు చెప్పిన జవాబు నాకూ పాఠమైంది. సదుపాయాలు లేకపోవడాన్ని మనం లోటుగా లెక్కపెడతాం. ఇక్కడ ఆ లేకపోవడమే కాపలా. మోటారు రానిచోట నీళ్లు కలకబారవు. రోడ్డు లేనిచోటికి చేతనైనంతమందే వస్తారు. వచ్చినవాళ్లు తమ బరువు తామే మోస్తారు గనుక తక్కువ తెస్తారు, తక్కువ పారేస్తారు.

వంట దగ్గర ఈ సంగతి మరీ బాగా తెలుస్తుంది. రేకు డబ్బాల్లో మూసిన తిండి, గాజుసీసాలు లోపలికి తేకూడదు. అందుకని బయల్దేరే ముందు ఇంట్లో రవ్వ వేయించి, అందులోనే పోపు కలిపి సంచుల్లో కడతాం. అటుకులు, పప్పుల పొడి, కరివేపాకు పొడి. ఆవకాయ గాజుసీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మారుతుంది. బియ్యం, పెసరపప్పు, చిన్న డబ్బాలో నెయ్యి. అక్కడ పులగం వండుకుంటే దాని రుచి వేరు. తెడ్డు వేసిన చేతులకు ఆకలి బాగా వేస్తుంది.

కానీ బియ్యం కడిగిన నీళ్లు సరస్సులో పోయకూడదు. గిన్నెలు సరస్సులో తోమకూడదు. సబ్బు వాడినా, వాడకపోయినా, నీటికి కనీసం 150 అడుగుల దూరం వెళ్లి, అక్కడే కడిగి నీళ్లు నేలమీద పారబోయాలి. చెరువు రేవులో గిన్నెలు తోమి, బట్టలుతికి, గేదెల్ని కడిగిన ఊరివాళ్లం మనం. ఆ 150 అడుగులు నడవడం మొదట్లో కొంచెం కొత్తగా ఉంటుంది. కాసేపటికి ఆ దూరం ఎందుకో తెలుస్తుంది. తాగడానికి మనం నీళ్లు తీసుకునేది ఆ సరస్సులోంచే. వడపోత సంచీలోకి ముంచుకున్న నీళ్లు, వంట గిన్నెలోకి పోసుకున్న నీళ్లు, చేతులు కడుక్కున్న నీళ్లు అన్నీ ఒక్కటే. మన దగ్గరినుంచి నీటికి ఏది వెళ్తుందో, నీటి దగ్గరినుంచి మనకు ఏది వస్తుందో ఇంత దగ్గరగా చూపించే చోటు ఇంకొకటి నేను చూడలేదు. నగరంలో ఈ రెంటికీ మధ్య ఎన్నో మైళ్ల గొట్టాలున్నాయి. అక్కడ 150 అడుగుల నడక ఉంది.

పొయ్యికి పచ్చిచెట్టు నరకకూడదు. రాలిపడి ఎండిన పుల్లలే ఏరుకోవాలి, అదీ విడిదికి దూరంగా వెళ్లి. బర్చ్ చెట్టు తెల్ల బెరడు ఎంత ముద్దొచ్చినా ఒలవకూడదు. చీకటి పడేముందు తిండి మూటను ఎలుగుబంటికి అందనంత ఎత్తున, కాండానికి దూరంగా కొమ్మకు వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి. ఇది మన తిండి కోసం కన్నా ఎలుగు కోసం చేసే పని. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది. అలా వచ్చేదాన్ని చివరికి చంపాల్సి వస్తుంది. ఒక్క పూట బద్ధకం ఒక జంతువు ప్రాణం మీదికి వస్తుందని తెలిశాక, అలసిన చేతులైనా తాడు విసరడానికి లేస్తాయి.

ఇన్ని "వద్దు"లు ఎవరు పెట్టారు? దీని వెనక వందేళ్ల పోరు ఉంది. 1920లలో ఎడ్వర్డ్ బాకస్ అనే పారిశ్రామికవేత్త ఈ సరిహద్దు సరస్సుల మీద వరసగా ఆనకట్టలు కట్టి, నీళ్లు నిలబెట్టి, విద్యుత్తు తీయాలని పథకం వేశాడు. కట్టి ఉంటే సరస్సుల మట్టాలు ఎన్నో అడుగులు పెరిగేవి. జలపాతాలు, లంకలు, ఒడ్లు మునిగిపోయేవి. రెయినీ సరస్సులోని ఒక చిన్న లంకలో ఉండే ఎర్నెస్ట్ ఒబర్‌హోల్ట్జర్ అనే ఆయన దానికి అడ్డం నిలిచాడు. ఒజిబ్వే ఆదివాసి అయిన బిల్లీ మగీతో కలిసి 1912లో హడ్సన్ బే దాకా కనూలో వెళ్లివచ్చిన మనిషి. ఆ నీళ్లు ఆయనకు అరచేతి గీతల్లా తెలుసు. ఆయన, ఆయనతో కలిసినవాళ్లు ఏళ్లతరబడి పోరాడితే 1930లో షిప్‌స్టెడ్-నోలన్ చట్టం వచ్చింది. ఆ ప్రాంతంలోని ప్రభుత్వ భూముల్లో సరస్సు ఒడ్డునుంచి 400 అడుగుల దాకా చెట్లు నరకకూడదని, సహజ నీటిమట్టాన్ని మార్చకూడదని ఆ చట్టం చెప్పింది.

అక్కడితో అయిపోలేదు. తర్వాత చిన్న విమానాల్లో లోపలి సరస్సుల మీద దిగి చేపలవేటకు వచ్చేవాళ్లు పెరిగారు. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఆ అడవి మీద తక్కువ ఎత్తులో విమానాలు ఎగరకుండా ఉత్తర్వు ఇచ్చాడు. 1964లో అడవులను అడవులుగానే ఉంచాలనే వైల్డర్‌నెస్ చట్టం వచ్చింది. 1978లో బౌండరీ వాటర్స్‌కు ప్రత్యేకంగా మరో చట్టం వచ్చి, కలప నరకడం ఆపి, మోటారు పడవలను కొన్ని సరస్సులకే పరిమితం చేసింది. ఆ చట్టం విషయంలో ఈలీ ఊరు రెండుగా చీలింది. అడవిమీద, మోటారు పడవలమీద బతికిన కుటుంబాల కోపం నిజమైన కోపం. అంత తగాదా తర్వాత నిలిచిన ప్రశాంతత అది. ఇప్పుడు ఆ సరస్సులకు ఎగువన, ఆ నీళ్లే ప్రవహించి వచ్చే చోట, రాగి, నికెల్ గనులు తవ్వాలా వద్దా అన్న వివాదం నడుస్తోంది. అక్కడి 2,25,000 ఎకరాలకు పైగా భూమిలో కొత్త గనులకు 20 ఏళ్లపాటు వీలులేదని 2023లో ప్రభుత్వం ప్రకటించింది. పోరు మాత్రం దాంతో ముగియలేదు.

ఇదంతా చదివి తెలుసుకున్నాకే, మొదటిరోజు నేను వెతికిన కట్ట నాకు కనిపించింది. ఈ సరస్సుల చుట్టూ కట్ట లేకపోలేదు, అది "వద్దు" అన్న మాటలతో కట్టిన కట్ట. మట్టికట్ట లాగే దీన్నీ ఏటేటా చూసుకోవాలి. ఎక్కడ చిన్న గండి పడినా నీరు నిలవదు. మట్టికట్టను నీరటి చూసుకున్నాడు. ఈ కట్టను గిన్నె కడగడానికి 150 అడుగులు నడిచే ప్రతివాడూ చూసుకుంటున్నాడు. ఒక రాత్రి ఉండి వెళ్లే మనిషిని కూడా ఆ కొలువులో చేర్చుకోవడమే ఇక్కడి విడిదిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. అక్కడ మనం అతిథులం కాము. పనిమీద ఉన్నవాళ్లం.

రాత్రిపూట లూన్ పక్షి పిలుస్తుంది. నల్లటి తల, ఎర్రటి కన్ను, వీపు మీద తెల్లటి చుక్కల గళ్లు. మిన్నెసోటా రాష్ట్రపక్షి. దాని పిలుపు సరస్సు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లి, అక్కడి కొండరాతికి తగిలి తిరిగి వస్తుంది. నీళ్లలో మునిగి చేపలు పట్టడానికి తయారైన ఒళ్లు దానిది. కాళ్లు బాగా వెనక్కి ఉంటాయి గనుక నేలమీద సరిగా నడవలేదు. అందుకే గూడు నీటి అంచునే, ఒక్క జారుడుకి నీళ్లలోకి దిగేంత దగ్గరలో పెడుతుంది. నీటిమట్టం కాస్త పెరిగినా ఆ గూడు మునిగిపోతుంది, బాగా తగ్గినా పక్షి గూడు చేరలేదు. మోటారు పడవ వేగంగా పోతే లేచే అల కూడా గుడ్లను తుడిచేయగలదు. నీటిమట్టం మార్చకూడదన్న 1930 నాటి చట్టానికి ఈ పిలుపుకు ఉన్న సంబంధం తెలిశాక, ఆ గొంతు విన్నప్పుడల్లా కోర్టుల్లో, సభల్లో ఏళ్లతరబడి కాగితాలు మోసినవాళ్లు నాకు గుర్తొస్తారు. 2020లో ఈ అడవికి చీకటి ఆకాశపు అభయారణ్యంగా గుర్తింపు వచ్చింది. పాలపుంతను మా అమ్మాయి మొదటిసారి చూసింది ఇక్కడే. మా అమ్మమ్మ ఊళ్లో డాబా మీద పడుకుని నేను చూసిన ఆకాశం అదే. నా బిడ్డకు దాన్ని చూపించడానికి చట్టం కావాల్సి వచ్చింది.

అయితే మనుషులు లేని చోటు గనుక ఇది బాగుంది అనుకుంటే పెద్ద తప్పు. ఈ నీటిదారులు ఒజిబ్వేలవి. తమను తాము అనిషినాబే అని పిలుచుకునే ఈ జనం ఏ సరస్సు నుంచి ఏ సరస్సుకు ఎక్కడ పడవ మోయాలో తరతరాలుగా నడిచి తెలుసుకున్నారు. మేము నడిచే పోర్టేజ్ దారులు చాలావరకు వాళ్ల పాదాలు వేసినవే. నార్త్ హెగ్మన్ సరస్సు మీది రాతిగోడపై ఎర్రమన్నుతో వేసిన బొమ్మలున్నాయి. చేతులు చాచిన మనిషి, మూస్ అనే పెద్ద దుప్పి, పడవలు. 1854 ఒప్పందంలో ఈ భూమిని అమెరికా ప్రభుత్వానికి వదులుకుంటూనే, అక్కడ వేటాడే, చేపలు పట్టే, పంట సేకరించే హక్కును వాళ్లు నిలుపుకున్నారు. ఆ హక్కు ఇప్పటికీ ఉంది.

వాళ్ల పంట మనోమిన్. లోతులేని నీళ్లలో తనంతట తానే మొలిచే ధాన్యం. వేసవి చివర్లో ఇద్దరు ఒక పడవలో వెళ్తారు. ఒకరు గడ వేసి పడవ నడుపుతారు. మరొకరు రెండు కర్రలతో, ఒకదానితో వెన్నులను పడవమీదికి వంచి, రెండోదానితో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది. పండనిది వెన్నులోనే ఉండిపోతుంది. కొంత నీళ్లలో పడి మరుసటి ఏడు మొలుస్తుంది. కోత కోస్తూనే విత్తడం అన్నమాట. వరి పండించే జాతి మనది కాబట్టి ఈ పని విన్నప్పుడు నా మనసు వెంటనే దానికి అతుక్కుంది. ఈ మొక్కకు కూడా నీటిమట్టంతోనే బతుకు. వేసవి మొదట్లో ఆకు నీటిమీద తేలే దశలో మట్టం ఒక్కసారిగా పెరిగితే మొక్క వేళ్లతో సహా లేచిపోతుంది. ముట్టుకోకుండా ఉండటం, తేలిగ్గా ముట్టుకోవడం ఈ రెండూ నీటిని కాపాడే పద్ధతులే అని నాకు నేర్పింది మనోమినే. బలంగా ముట్టుకోకూడదు, అంతే.

కాపాడటమంటే ఏమీ మారకుండా చూడటమూ కాదు. 1999 జూలై 4న వచ్చిన గాలివానకు ఈ అడవిలో లక్షల ఎకరాల్లో చెట్లు కూలిపోయాయి. 2011లో పిడుగు పడి పగామి క్రీక్ దగ్గర అంటుకున్న మంట 92,000 ఎకరాలకు పైగా కాల్చింది. కాలిన నేల పక్కగా మేము తెడ్డు వేసుకుంటూ వెళ్లినప్పుడు నల్లటి మోడుల మధ్య మోకాలెత్తు జాక్ పైన్ మొక్కలు గుంపులుగా నిలబడి ఉన్నాయి. వాటి కాయలు జిగురుతో మూసుకుని ఉంటాయి, నిప్పు వేడి తగిలితే విచ్చుకుంటాయి. ఆ అడవికి మంట కొత్తది కాదు. మనకు నచ్చిన రూపంలో దాన్ని నిలబెట్టాలన్న కోరిక మనది. దాని పని అది చేసుకోనివ్వడం నేర్చుకోవాలి.

ఇలాంటి చోట్ల గురించి మాట్లాడితే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. ఇది ఒంట్లో బలం ఉన్నవాళ్లకు, సెలవు దొరికినవాళ్లకు, పడవ అద్దెకు తెచ్చుకోగలవాళ్లకు మాత్రమే కదా? మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారు ఈ పోర్టేజ్ నడవలేరు. ఆయన ఇక్కడికొచ్చినప్పుడు రోడ్డు పక్కన బెంచీ ఉన్న సరస్సుకే తీసుకెళ్లాం, అక్కడ ఆయన గంటలకొద్దీ హాయిగా కూర్చున్నారు. అలాంటి సరస్సులు చాలా ఉన్నాయి, ఉండాలి. నా మాటల్లా, అన్నీ అలాగే కాకూడదని. సులువుగా వెళ్లగలిగే చోట్లు పెరుగుతూ పోతాయి, వాటికోసం ఎవరూ పోరాడనక్కర్లేదు. వెళ్లడానికి కష్టమైన చోటు ఒక్కటి మిగలాలంటే మాత్రం తరాలకొద్దీ మనుషులు నిలబడాలి. మా నాన్నగారు ఆ సంగతి విని, "నేను పోలేకపోయినా అది ఉన్నదంటే చాలు బిడ్డా" అన్నారు.

ఇప్పుడు కొల్లేరు గురించి చెప్పాలి. మన చెరువుల్లో ఎక్కువభాగం మనిషి కట్టినవే అయినా, కొల్లేరు మాత్రం ఎవరూ కట్టనిది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు దాని నీళ్లను సముద్రానికి చేరుస్తుంది. వరద వస్తే ఒళ్లు విరుచుకుని పరుచుకోవడం, ఎండాకాలం కుంచించుకుపోవడం దాని స్వభావం. దానికి కట్ట లేకపోవడమే దాని బలం.

అలాంటి దాని లోపల మనం గట్లు కట్టాం. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలతో చేపల చెరువులను ప్రోత్సహించింది. తర్వాత పెట్టుబడి వచ్చింది, గట్లు పెరిగాయి, సరస్సు గదులు గదులుగా చీలింది. పరుచుకోవాల్సిన వరద పరుచుకునే చోటు లేక ఊళ్లమీద పడింది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున ఉండే +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడినేలలకు అంతర్జాతీయంగా ఇచ్చే రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లను పెద్దఎత్తున తొలగించారు. తర్వాత చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. ఈ రాకపోకల్లో ఎక్కువ నలిగింది వలమీద, తాటిదోనెమీద బతికే చిన్న జాలరులు. సరస్సు పెట్టుబడికి పోయినప్పుడూ, అభయారణ్యంగా మారినప్పుడూ వాళ్ల మాట చివరన విన్నారు. ఒజిబ్వేల కథతో పాటు చదివితే దీంట్లోని పాఠం స్పష్టంగా కనిపిస్తుంది. తేలిగ్గా ముట్టుకునే చేతులను బయటికి పంపి ఏ నీటినీ కాపాడలేం.

కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులను చూడటానికి వెళ్లినప్పుడు చెట్లమీద గుత్తులుగా వాటి గూళ్లు, పిల్లల అరుపులు, తల్లుల రాకపోకలు. అంత జీవం ఇంకా మిగిలి ఉంది. చూసి వచ్చిన ప్రతివాళ్లకూ అది నచ్చుతుంది. నచ్చగానే మనకు ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది. కాటేజీలు, రంగుదీపాలు, పెద్ద అక్షరాలతో ఊరిపేరు, పాటల పెట్టె. ప్రేమతోనే కడతాం. చెరువు బాగుండాలంటే ఏదైనా కట్టాలన్నది వెయ్యేళ్ల అలవాటు కదా. పాకాలకు ఆ అలవాటే ప్రాణం పోసింది. అదే అలవాటు కొల్లేరును ఉక్కిరిబిక్కిరి చేసింది. ఏ నీటికి చేయి వేయాలో, ఏ నీటినుంచి చేయి తీయాలో తెలుసుకోవడంలోనే వివేకమంతా ఉంది. పోరుమామిళ్ల శాసనం రాయించినవాళ్లు కూడా దోషాలు లెక్కపెట్టడం మరవలేదు. ఎక్కడ కట్టకూడదో తెలియనివాడు ఎక్కడా సరిగా కట్టలేడని వాళ్లకు తెలిసే ఉంటుంది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పాకాల, పోచారం లాంటి అభయారణ్యాల్లో నీళ్లున్నాయి, అడవీ ఉంది. వాటిలో ఒక్కోదానికి ఒక్క ఒడ్డును, మోటారు, మైకు, దీపం రాకుండా వదిలిపెట్టమని. అటవీశాఖ అనుమతితో, రోజుకు ఇంతమందే అన్న లెక్కతో, చుట్టుపక్కల ఊళ్ల యువకులు, జాలరులు దారి చూపిస్తుండగా బడిపిల్లలను అక్కడికి తీసుకెళ్లమని. వాళ్లు తమ సంచీ తామే మోసుకుని, రాలిన పుల్లలతో వండుకుని, గిన్నెలు నీటికి దూరంగా కడిగి, తెచ్చిన ప్రతిదీ తిరిగి తీసుకుపోవాలి. రేపు వాళ్లలో ఒకరు ఇంజనీరు అవుతారు, ఒకరు సర్పంచి అవుతారు, ఒకరు కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటారు. చెరువు ఒడ్డున ఏం కట్టాలన్న చర్చ వాళ్ల ముందుకొచ్చినప్పుడు, ఏమీ కట్టకుండా ఉంటే ఎలా ఉంటుందో స్వయంగా ఒక రాత్రి చూసినవాళ్లు ఆ గదిలో ఒక్కరైనా ఉండాలి. ఆ ఒక్కరిని తయారుచేసుకోవడానికి పిల్లలకు మనమివ్వాల్సింది ఒక ఒడ్డు, ఒక రాత్రి.